అనివార్య కారణములు

గడచిన కార్తికమాసమున మా బల్లమీఁదికి నాలుగు కాగితములు వచ్చి చేరినవి. ఒకటి, పొరుగూరి సాహిత్యసభ వాయిదాపడినదని తెలుపు కరపత్రము. రెండవది, మంచినీరు రెండుదినములు రాదను ప్రకటన. మూఁడవది, తొమ్మిదవ తరగతి బాలుఁడొకఁడు పెట్టుకొనిన సెలవుచీటి. నాలుగవది, పదవతరగతి చదువుచున్న యొక బాలిక తండ్రి వ్రాసిన రెండుపంక్తుల జాబు. వ్రాసినవారు నలుగురు, చెప్పఁదలఁచిన సంగతులు నాలుగు. కాని నాలుగింటను మాట యొక్కటే: “అనివార్య కారణములవలన.”

మేము మొదట ఆ బాలునిఁ బిలిచి, “నాయనా, ఆ కారణము లేమి?” అని యడిగితిమి. వాఁడు తల గోఁకికొని, మేనమామతోఁ గూడి మద్దిలేటి నరసింహస్వామి దర్శనమునకుఁ బోయితినని చెప్పెను. బేతంచెర్ల పిల్లలకు ఆ స్వామి పొరుగింటివాఁడు. ఆ మాటయే వ్రాయరాదా యనఁగా, “సెలవుచీటీలో అట్లనే రాయాలని పుస్తకంలో ఉంది సార్” అనెను. వాఁడు చెప్పినది నిజమే. ఇంగ్లీషు వ్యాకరణపుస్తకముల తుద నచ్చువేయు మాదిరిజాబులలో ఈ పలుకుబడి వండి వార్చినట్లు సిద్ధముగా నుండును. దేవుని దర్శించి వచ్చినవాఁడు సిగ్గుపడవలసిన పనిలేదు. అయినను వాఁడు దేవుని దాఁచి కారణములను వ్రాసెను. ఒక మాట మనల నింతగా నెట్లు లోఁబఱచుకొన్నదో కొంచెము విచారింపవలె ననిపించినది.

దీని మూల మింగ్లీషు. “ఓయింగ్ టు అన్‌ఎవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్” అనునది ఆ భాషలోని కార్యాలయపు వాడుక. మనవారు దానిని సంస్కృతపదములతోఁ దెనిఁగించి, తెనిఁగించిన సంగతి మఱచిపోయిరి. అందులో నొక పొరపాటుకూడఁ జేసిరి. సర్కమ్‌స్టాన్సు అను పదము లాటినునుండి వచ్చినది. చుట్టును నిలిచియుండునది యని దాని యర్థము. సంస్కృతమునఁ దానికి సరిగా నతుకు మాట ‘పరిస్థితి’: ‘పరి’ యనఁగాఁ జుట్టును, ‘స్థితి’ యనఁగా నిలుచుట. రెండుభాషలును ఒకే విధముగా నాలోచించిన యపూర్వసందర్భ మిది. ఇంత చక్కని మాట చేతిలో నుండఁగా మనము దానిని విడిచి ‘కారణము’ను దెచ్చి పెట్టితిమి. చుట్టు నిలిచియున్నది వేఱు, పనిని బుట్టించినది వేఱు. వాన కురియుట పరిస్థితి. వానలో గొడుగులేక బయలుదేరుట మన పని. ఇంగ్లీషువాఁడు తన చుట్టునున్న దానిని మాత్రమే తప్పించుకొనరానిదని చెప్పుకొన్నాఁడు. మనము కారణమునే తప్పించుకొనరానిదిగాఁ జేసి వాని కంటె నొక మెట్టు పైకెక్కితిమి.

ఇంగ్లీషువా రీ వాడుకను గుడ్డిగా నమ్మిరని తలఁపరాదు. డికెన్సు 1849–50 సంవత్సరములలో భాగములుగా వెలువరించిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డు’ నవలయందు మికాబరు అను పెద్దమనిషి కలఁడు. ఆయన యెప్పుడును అప్పులలో మునిఁగియుండును; ఎప్పుడును ఏదో యొక మేలు తనంతఁ దానే వచ్చి పడునని యెదురుచూచుచుండును; తన యిక్కట్లకుఁ దానుగాక పరిస్థితులే కర్తలని పెద్దపెద్ద మాటలతో జాబులు వ్రాయుచుండును. చదువరులు నవ్వుదురు, ప్రేమింతురుకూడ. వారి నవలాకారుఁడు నవ్వించుట కుపయోగించిన ధోరణిని మనము మన విన్నపములకు మాదిరిగాఁ గైకొంటిమి.

‘అనివార్య’ పదము స్వయముగా నిర్దోషియే. నివారింప వీలుకానిది యని దాని యర్థము. దానికి దగ్గఱిచుట్టమైన ‘అపరిహార్య’ పదము భగవద్గీత రెండవ యధ్యాయమునఁ గలదు. పుట్టినవానికి మరణము తప్పదుగనుక దానికై శోకింపఁదగదని చెప్పుచోట గీత యా పదమును వాడినది. అనఁగా అంత బరువైన మాటను వ్యాసు లొక్క మృత్యువు కొఱకు దీసి పెట్టిరి. మనము దానిచే సాహిత్యసభలను వాయిదా వేయించుచున్నాము.

అచ్చతెనుఁగున నిట్టి సందర్భమునకు మాట లేకపోలేదు. ‘తప్పదు’ అనునది మన తల్లులు రోజున కిరువదిసార్లు వాడు మాట. గుఱి తప్పును, దారి తప్పును, మనిషి మాట తప్పును. ఆ తప్పుటనుండియే దోషమను నర్థముగల ‘తప్పు’ పుట్టినది. తప్పించుకొనరానిదియుఁ, దప్పు చేయుటయు నొకే ధాతువు బిడ్డలై మన నోట నాడుచున్నవి. ‘తప్పలేదు’ అని తెలుఁగువాఁ డనఁగానే వినువాని చెవిలో తప్పెవరిదను ప్రశ్నకూడ సన్నగా మ్రోఁగును. అంతకంటె ముఖ్యమైన దింకొకటి. ఈ క్రియ పక్కన మనిషి నిలిచియుండును. ‘నాకుఁ దప్పలేదు’, ‘వానికిఁ బోక తప్పదు’, ‘మాకుఁ జేయక తప్పినది కాదు’ — ఈ ‘కు’ వర్ణమే తెలుఁగు భాషయొక్క న్యాయబుద్ధి. ఎవరికిఁ దప్పలేదో చెప్పినఁగాని వాక్యము నిండదు. ‘గత్యంతరము లేక’ యన్నను, ‘దిక్కుతోఁచక’ యన్నను, గతి లేనివాఁ డెవఁడో దిక్కు తోఁచనివాఁ డెవఁడో వాక్యమునందుఁ గనఁబడును. ‘అనివార్య కారణములవలన’ అన్నచో ఎవ్వరును గనఁబడరు. వీథి యంతయు శూన్యము. కారణములు మాత్రము తిరుగుచున్నవి.

ఇంగ్లీషు పలుకుబళ్లను మక్కికి మక్కి దించుటలోని ప్రమాదమునకు మా తరగతిలోనే యొక యుదాహరణము జరిగినది. ‘ఇట్ కెనాట్ బి హెల్ప్డ్’ అను వాక్యమును తెనిఁగింపుమనఁగా నొక విద్యార్థి “దానికి సహాయము చేయరాదు” అని వ్రాసెను. పిల్లలందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. ఆ వాక్యమున ‘హెల్పు’ అనఁగా సాయము కాదు, తప్పించుట. ‘చేయఁగలిగినది లేదు’ అని యర్థము. తరువాత నింటికిఁ బోవుచుఁ దలపోయఁగా ఆ బాలుని తప్పులోనే కొంత సత్య మున్నట్లు తోఁచినది. ఎవరైన ‘ఏమి చేయుదుము, తప్పదు’ అని చేతులు దులుపుకొన్నప్పుడు వారు సామాన్యముగాఁ దెలుపునది సాయము చేయము అనియే కదా.

సంస్కృతము చదివినవారికి ఇంకొక చిక్కు గలదు. తార్కికులు కారణమను పదమును ఊరక వాడనీయరు. తెలుఁగువాఁడని ప్రసిద్ధిగల అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును జదువుకొనిన ప్రతివిద్యార్థికిని, కార్యమునకు ముందు నియమముగా నుండునదే కారణమనియు, ఊరక యచ్చట నున్నంతమాత్రమున నేదియుఁ గారణము కానేరదనియు నేర్పుదురు. అట్లు ఊరక యున్నవానికి ‘అన్యథాసిద్ధము’ అని పేరు. దీనికిఁ బండితులు చెప్పు దృష్టాంతము కుమ్మరివాని గాడిద. అది మట్టిని మోసికొనివచ్చినది, నిజమే. కాని మట్టి యేవిధముగ వచ్చినను కుండ పుట్టును గనుక గాడిద కుండకుఁ గారణము కాదు. మనము జాబులలో వ్రాయు కారణములను ఈ గీటురాతిమీఁద గీచి చూచినచో నెన్ని గాడిదలు బయటపడునో చెప్పలేము. బంధువులు వచ్చిరి, మాటలు వచ్చినవి, ముహూర్తము దగ్గఱపడినది — ఇవి లేకపోయినను మనము చేయఁదలఁచిన పనిని జేసియుండెడివారము.

వ్యాకరణముకూడ నిచ్చట సాక్ష్యము పలుకును. పాణిని కర్తను స్వతంత్రుఁడని నిర్వచించెను. పనిలో నెవనికి స్వాతంత్ర్యమున్నదో వాఁడే కర్త. ‘సభ వాయిదా వేయఁబడినది’ అను కర్మణిప్రయోగమునఁ గర్త లోపించినాఁడు; ఆయనతోపాటు స్వాతంత్ర్యమును లోపించినది. తెలుఁగు నోటికి ఈ ‘బడు’ సహజము కాదు. పొలములోనిరైతు ‘నాచే నాగలి దున్నఁబడినది’ అని చెప్పఁడు. కచ్చేరి కాగితములలోఁ బుట్టి పత్రికలలోఁ బెరిఁగి ఇది యిప్పుడు మన పెండ్లిపిలుపులలోనికిఁ గూడఁ బ్రవేశించినది.

బేతంచెర్ల బండలకుఁ బ్రసిద్ధి. మా ఊరి సున్నపురాతిఁ గోసి నునుపుచేసి పంపిన బండలు దూరదేశపు ఇండ్లలో నేలలై పరచియున్నవి. ఇదే జాతిరాతిలో నీరు యుగములతరబడి తొలిచిన బిళ్లసర్గము గుహలు మాకు సమీపమున నున్నవి. 1844లో న్యూబోల్డు వానినిగుఱించి వ్రాసెను, 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వించి చూచెను. నీరు ఱాతిని దొలుచుట యనివార్యము. దానిని మే మొప్పుకొందుము. కాని గనిలో గట్టు విఱిగి కూలివాని కాలుమీఁద పడినప్పుడుకూడ నదేమాట వినవచ్చును: ‘ప్రమాదవశమున.’ సంస్కృతమున ‘ప్రమాద’ మనఁగా ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుఁగువాడుకలో నది దానంతట వచ్చిపడిన యాపద యైనది. మూలార్థమును బట్టి చూచినచో ‘ప్రమాదవశమున మరణించెను’ అని వ్రాయువాఁడు, ఎవరిదో అజాగ్రత్తచే మరణించెనని తెలియకయే నిజము వ్రాయుచున్నాఁడు. ఱాతిదుమ్ము ఊపిరితిత్తులలోఁ జేరును. నీరు పోయుచుఁ గోసినచో దుమ్ము తగ్గును. దుమ్ము పరిస్థితి. నీరు పోయకుండుట మనిషి చేసిన పని.

ఈ సీమవారికి ఇంతకంటెఁ బెద్ద యుదాహరణము జ్ఞాపకముండవలెను. 1876లో వానలు తప్పినవి. ఆ సంవత్సరము పేరు ధాత. ‘ధాత కరువు’ అని ముసలివారు చెప్పుకొనెడివారు. 1878వఱకు సాగిన యా కరువున మదరాసు రాజధానిలోఁ దీవ్రముగా దెబ్బతిన్న జిల్లాలలోఁ గర్నూలొకటి. వాన తప్పుట యెవ్వరి దోషమును గాదు. కాని 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ నెలలోనే కరువుపనులను బరిశీలించుటకై వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనఁగా సుమారు 450 గ్రాములు, చాలునని కూలి తగ్గించెను. ఇది ప్రాణము నిలుపఁజాలదని మదరాసు ఆరోగ్యశాఖ కమీషనరు డాక్టరు కార్నిష్ ఎదిరించి వ్రాసెను. కొన్ని నెలలకుఁ గూలి పెంచక తప్పలేదు. ధాన్యపు ఎగుమతిని మాత్రము నిషేధింపలేదు. వర్తకములో జోక్యము చేసికొనరాదని నాఁటి సిద్ధాంతము. ఇవి యన్నియు నప్పటి దొరల నోట ‘తప్పనివి’. 1880లో స్ట్రేచీ అధ్యక్షతనున్న కరువు కమీషను తన నివేదిక నిచ్చినది, కరువుకాలమునఁ బాటింపవలసిన నిబంధనలు 1883లో ఏర్పడినవి, రైలుమార్గములు వచ్చినవి. మా స్టేషనున్న గుంతకల్లు–నంద్యాల మార్గముకూడ ఆ కరువు తరువాత వేసినదే. లక్షలాది మంది పోయిన మూఁడేండ్లకే, అనివార్యమనుకొన్నదానిలో నివారింపఁదగిన దెంతయో కాగితముమీఁదికి వచ్చినది. మనవారు ఆ కరువునకు సంవత్సరము పేరు పెట్టిరి. మనిషి పేరు పెట్టలేదు.

న్యాయస్థానము లీ విషయమున మనకంటె మెలకువ గలవి. 1872 నాఁటి భారత ఒప్పందముల చట్టము 56వ సెక్షను ప్రకారము, చేయలేనిదిగా మాఱిన పనికి ఒప్పందము చెల్లదు. కాని ఆ మాట నాశ్రయించువాఁడు ఏ సంఘటన జరిగినదో, అది తన పని నెట్లు అసాధ్యము చేసినదో చెప్పి ఋజువు చేయవలెను. సైన్యమునకు నెయ్యి సమకూర్చు నేజెంట్లు, యుద్ధమువలన ఖర్చులు పెరిఁగినవని యెక్కువ ధర కోరఁగా, పని కష్టమైనంతమాత్రమున ఒప్పందము వీడిపోదని సుప్రీంకోర్టు 1960లోఁ దీర్పు చెప్పినది. కష్టము వేఱు, అసాధ్యము వేఱు. 2020 ఫిబ్రవరిలోఁ గరోనా వ్యాధిని దైవికమైన విపత్తుగాఁ బరిగణింపవచ్చునని భారత ఆర్థికశాఖ తెలిపినప్పుడుకూడ, ఆ విపత్తునకుఁ బేరు పెట్టియే తెలిపినది. న్యాయవాది కోర్టులో ‘అనివార్య కారణములు’ అని యూరకుండఁజాలఁడు. మన యిండ్లలో మాత్రము ఆ మాట చెప్పినవెంటనే విచారణ ముగియును.

మే మీ మాటను నిఘంటువునుండి తీసివేయుఁడని కోరుట లేదు. గర్భస్రావమైన యుపాధ్యాయిని పదిదినముల సెలవు కోరునపుడు తన వేదనను ప్రధానోపాధ్యాయుని బల్లమీఁదఁ బఱవవలసిన యక్కఱ లేదు. ఇంటిలోఁ జిత్తచాంచల్యముగల సోదరునిఁ జూచుకొనువాఁడు నలుగురికిఁ జెప్పుకొనవలసిన పని లేదు. అట్టివారికి ఈ పలుకుబడి గుమ్మమునకు వ్రేలాడు తెరవంటిది. దానిని తొలఁగించి లోనికిఁ జూచుట యమర్యాద. తన బాధను దాఁచుకొనుటకు మాట వాడినవానిని మేము ప్రశ్నింపము. ఇతరులకుఁ దాను చేయుచున్న పనిని దాఁచుటకు వాడినపుడే మాకుఁ బేచీ. ఆ రెంటికిని నడుమ గీఁత యెచ్చట నున్నదో ప్రతిసారియుఁ దెలిసికొనుట సులభము కాదు. ఉపాధ్యాయవృత్తిలో మేమును ఒకటి రెండుసార్లు అడుగరానిచోట నడిగి తలవంచుకొంటిమి.

ఇఁక నాలుగవ కాగితము. “అనివార్య కారణములవలన మా అమ్మాయి ఇఁకమీఁదట పాఠశాలకు రాఁజాలదు. దయచేసి గ్రహింపఁగలరు.” ఇంతే. ఆ బాలికకుఁ బదునైదేండ్లు నిండి కొన్ని నెలలైనది. గణితములో మంచి నేర్పు గలది. తెలుఁగులో వ్యాసము వ్రాయుమన్నచోఁ బుట నిండకుండ నాపదు. సాయంకాలము మేము వారి యింటికిఁ బోయితిమి. తండ్రి బండలు కోయు యంత్రముదగ్గఱ పని, ఇంకను రాలేదు. తల్లి చాపవేసి కూర్చుండఁబెట్టి, మే మడుగకముందే, “ఏం జేసేది సార్, మాకు తప్పల్యా” అనెను.

మేము విన్నది ఆ ‘మాకు’. జాబులో లేని మనిషి ఆమె మాటలో నున్నది. అందుచేత మెల్లగా నడుగఁగలిగితిమి. ఒక్కొక్కటియుఁ జెప్పెను. అవ్వకు ఒంట్లో బాగులేదు, కన్నుమూయకముందు మనుమరాలి పెండ్లి చూడవలెనని కోరిక. పిల్లవాఁడు అత్తకొడుకే, ఊరికి వచ్చి నెలదినములే యుండును. ఇప్పుడు కాదన్నచో మఱల సంబంధము కలియదేమో. పెద్దచదువునకుఁ బంపవలెనన్న బస్సులో పోయిరావలెను, నలుగురు నాలుగు మాటలందురు. ఆమె చెప్పుచుండఁగా మాకుఁ గుమ్మరి గాడిద జ్ఞప్తికి వచ్చినది గాని, ఆ తల్లి మొగము చూచి తర్కమాడ మనసొప్పలేదు. ఒక్కటి మాత్రము చెప్పితిమి: 1929 నాఁటి శారదాచట్టము బాలికకుఁ బదునాలుగేండ్లు విధింపఁగా, 1978లో నది పదునెనిమిదికిఁ బెరిఁగినదనియు, 2006 నాఁటి చట్టముప్రకారము ఈ పెండ్లి చేయించినవారు శిక్షార్హులనియు. “అవునా సార్” అని ఆమె కొంతసే పూరకుండి, “మా పెండ్లి నాటికి నాకు పదిహేనే” అనెను. బాలిక లోపలి గదిలోనే యుండెను, బయటికి రాలేదు. మేము తిరిగివచ్చితిమి. హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టివేయలేదు.

మూఁడు వారములకు ఒక సోమవారము ఆ బాలిక మామూలుగా బడికి వచ్చి తన బల్లమీఁదఁ గూర్చుండెను. చేతిలో తండ్రి జాబు: “అనివార్య కారణములచే వివాహము వాయిదా వేయఁబడినది. కావున మా అమ్మాయిని తిరిగి తరగతిలోఁ జేర్చుకొనవలెనని ప్రార్థన.” చదివి మాకు నవ్వాగలేదు. విరామమున నామెను బిలిచి, ఈ కారణము లేవి యమ్మా యని యడిగితిమి. తల వంచుకొని, “నేనే సార్. చేసుకోనని చెప్పినా. పరీక్షలు రాసినంక మాట్లాడండి, అప్పుడు గూడా నన్ను అడిగి మాట్లాడండి అన్యా. అవ్వ రెండుదినాలు అన్నం తినల్యా. నాయన ఏం మాట్లాడల్యా. మూడోనాడు బడికి పో అన్యాడు” అని చెప్పెను.

పరీక్షరుసుము కట్టుటకు మఱునాఁడు తండ్రి వచ్చినపుడు, ఆ జాబు చూపి, అయ్యా, దీనిలో అసలు కారణమును వ్రాయఁగూడదా, మీ అమ్మాయి ఒప్పుకొననందువలన నని వ్రాసిన నేమి యని యడిగితిమి. ఆయన చేతులకుఁ దెల్లని ఱాతిపిండి యంటియున్నది. “అది రాస్తే నలుగురేమనుకుంటారు సార్” అని నవ్వి, రుసుము లెక్కపెట్టి యిచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకొని పోయెను.